మొదటి మీటరు లేని టేపు

మధ్యాహ్నం మూడింటికి మునిసిపల్ కౌన్సిల్ కూర్చుంటుంది. అజెండాలో నాలుగో అంశం, మూతబడ్డ రంగుల ఫ్యాక్టరీ స్థలం అభివృద్ధి ప్లానులో మార్పులు. సభ్యుల చేతులు పైకి లేచిన అరగంటకల్లా, ఫ్యాక్టరీ గేటు బయట కాచుక్కూర్చున్న బుల్డోజర్లు లోపలికి పోతాయి. అవి పోయాక అక్కడ చూడటానికి చదును చేసిన మట్టి తప్ప ఏమీ మిగలదు. ఇప్పుడు టైము పదకొండూ నలభై.

అంటే మూడు గంటల ఇరవై నిమిషాలు. ఈలోగా ఏదో ఒకటి తేలకపోతే, లాకప్ గోడకి చేరబడి కూర్చున్న ఈ చైన్‌మన్ పని అయిపోయినట్టే. చైన్‌మన్ అంటే సర్వేయర్ వెంట టేపు పట్టుకుని నడిచేవాడు. ఈయన ఇరవై రెండేళ్లపాటు ఒకే సర్వేయర్ వెంట నడిచాడు. ఆ సర్వేయరే మంగళవారం సాయంత్రం రంగుల ఫ్యాక్టరీలో విషపు వ్యర్థాలు పోసే మడ్డి తొట్టిలో, పదడుగుల లోతున, తల పగిలి కనిపించాడు.

"ఇరవై నిమిషాలిస్తున్నా బావా," అన్నాడు ఇన్‌స్పెక్టర్ వాచీ చూసుకుంటూ. "అదీ అక్క పొద్దున్నుంచీ ఫోన్ల మీద ఫోన్లు చేసి నా ప్రాణం తీస్తోంది కాబట్టి."

"మీ అక్క నా ప్రాణం ఇరవై ఆరేళ్లుగా తీస్తోంది. నేనెవరికన్నా చెప్పుకున్నానా?" అన్నాడు భూతద్దం.

డిటెక్టివ్ అసలు పేరు ఇంటి కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనపడదు. అందరికీ ఆయన భూతద్దమే. ఆయన చేతిలో భూతద్దాన్ని చూసినవాడు ఒక్కడూ లేడు. ముక్కు మీది కళ్లజోడే అంత దళసరి. ఇన్‌స్పెక్టర్ ఆయన భార్యకి స్వయానా తమ్ముడు. భోజనాల దగ్గర బావకి వంగి వంగి వడ్డిస్తాడు గానీ, కేసు దగ్గరికొచ్చేసరికి ఇద్దరికీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది.

"మంగళవారం మూడున్నరకి ఆఫీసు వరండాలో ఇద్దరూ గొంతులు చించుకున్నారు. ఆరుగురు విన్నారు," ఇన్‌స్పెక్టర్ వేళ్లు మడిచాడు. "నాలుగుంబావుకి సర్వేయర్ ఒక్కడే సైటుకి బయల్దేరాడు. ఆ వెనకే ఈయనా ఆఫీసు వదిలాడు. ఐదున్నరకి వాచ్‌మన్ శవాన్ని చూశాడు. మధ్యలో ఎక్కడున్నావయ్యా అంటే బస్టాపులో కూర్చున్నానంటాడు. శవం పక్కన ఈయన టేపు! ఇంకేం కావాలి నీకు?"

"గొడవ ఎందుకో చెప్పాడా?"

"నోరు విప్పితేగా."

భూతద్దం కటకటాల దగ్గరికి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. చైన్‌మన్ అరిచేతులు టేపు ఒరుసుకుని కాయలు కాశాయి. రెండు రోజులుగా నిద్ర లేదని కళ్లే చెబుతున్నాయి.

"నన్ను పంపింది ఎవరో తెలుసా? నీ వాళ్లు కాదు. సర్వేయర్ గారి భార్య," అన్నాడు భూతద్దం.

చైన్‌మన్ తలెత్తాడు. "అమ్మగారు నమ్మలేదాండీ? నేను చంపానని నమ్మలేదా?"

"నాతో ఏమందో చెప్పనా? 'మా ఆయన నాతో మాట్లాడిన మాటలకంటే ఆ అన్నయ్యతో పలికిన అంకెలే ఎక్కువ' అంది. చెప్పు, గొడవ దేనికి?"

చైన్‌మన్ మళ్లీ తల దించేసుకున్నాడు. చెప్పలేక కాదు, చెప్పకూడదని పంతం పట్టినట్టుంది ఆ వాలకం.

భూతద్దం విసుక్కుని బల్ల వైపు తిరిగాడు. సాక్ష్యం సంచిలో టేపు ఉంది. డబ్బాకి ఎర్రగుడ్డ ముక్క కట్టి ఉంది. చైన్‌మన్ టేపంటే ఎర్రగుడ్డే గుర్తని కౌన్సిల్ ఆఫీసులో అందరికీ తెలుసు. భూతద్దం ప్లాస్టిక్ సంచిని కటకటాల దగ్గరికి తెచ్చి పట్టుకున్నాడు. "ఇది నీదేనా?"

"ఎర్రగుడ్డ ఉంది కదండీ, నాదే. మొన్నా అదే చెప్పా..." అంటూ దగ్గరికొచ్చిన చైన్‌మన్ ఠక్కున ఆగిపోయాడు. డబ్బాలోంచి బయటికి వచ్చిన కొసని కళ్లార్పకుండా చూశాడు. "కాదండీ. ఇది నాది కాదు."

"ఆహా! రెండు రోజుల తర్వాత జ్ఞాపకం వచ్చిందా?" ఇన్‌స్పెక్టర్ నవ్వాడు.

"అప్పుడు దూరంనించి ఎర్రగుడ్డే చూపించారు సార్! దీనికి సున్నా ఉంది. నా టేపుకి మొదటి మీటరే లేదు. నాలుగేళ్ల కిందట రోడ్డు రోలరు కింద పడి తెగిపోయింది. కొత్తది అడిగితే స్టోర్లో ఫారాలు అయిపోయాయన్నారు. ఒకటో మీటరు దగ్గర రింగు బిగించుకుని వాడుకుంటున్నాం. ముప్పై చూపిస్తే ఇరవై తొమ్మిదని లెక్క. ఆఫీసుకి వెళ్లాక మా సర్వేయర్ సార్ ఒకటి తీసేసి రాస్తారు."

"మరి నీ టేపేదీ?"

"ఇన్‌స్ట్రుమెంట్ రూంలో, తలుపు వెనక మేకుకి. అక్కడ తప్ప ఎక్కడుంటుందండీ?"

భూతద్దం బామ్మర్ది ముఖంలోకి చూశాడు. "ఆ తలుపు వెనక చూశావా?"

"టేపు నా చేతిలో ఉంటే ఇంకో టేపు ఎందుకు వెతుకుతాను బావా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. అన్నాడే గానీ గొంతులో ఇందాకటి ఊపు లేదు. టోపీ తీసి నెత్తిన పెట్టుకుని, సాక్ష్యం సంచి చేతిలోకి తీసుకున్నాడు. "పద, నేనూ వస్తా. నీ ఇష్టం వచ్చినట్టు కథలల్లకుండా."

పన్నెండూ ముప్పైఐదుకి ఫ్యాక్టరీ గేటు దగ్గర జీపు ఆగింది. మూడు బుల్డోజర్లు వరసగా నిలబడి ఉన్నాయి. వాటి నీడలో సర్వేయర్ భార్య నిలబడి ఉంది. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బిపోయింది గానీ మాట మాత్రం గట్టిగానే వచ్చింది.

"నేనూ లోపలికొస్తాను. ఇంట్లో కూర్చుంటే పరామర్శలకి వచ్చేవాళ్లతో పిచ్చెక్కుతోంది. పొద్దున పెద్దమ్మ గారు కూడా వచ్చి గంటసేపు నా చెయ్యి పట్టుకుని కూర్చున్నారు."

పెద్దమ్మ అంటే ప్లానింగ్ కమిటీ అధ్యక్షురాలు. ఇరవై ఏళ్లుగా కౌన్సిల్లో ఉంది. ఫ్యాక్టరీ మూతపడి రోడ్డున పడ్డ నాలుగు వందల కార్మికుల కుటుంబాలకి ఈ స్థలంలోనే ఇళ్లు కట్టిస్తానని మాటిచ్చింది ఆవిడే. పాత ప్లానులో ఇళ్లు తూర్పు మూలన ఉన్నాయి. కొత్త మార్పులతో అవి మడ్డి తొట్టి వైపు జరిగాయి. రూలు ఒక్కటే. మడ్డి తొట్టి అంచునుంచి ముప్పై మీటర్ల లోపల మనుషులుండే ఇల్లు కట్టకూడదు. కొత్త ప్లానులో ఆ దూరం ముప్పై పాయింట్ రెండు. కింద చనిపోయిన సర్వేయర్ సంతకం ఉంది.

మడ్డి తొట్టి అంచున భూతద్దం మోకాళ్ల మీద కూర్చున్నాడు. సిమెంటు అంచు మీద కొత్తగా గీసిన సుద్దగీత. దాని పక్కనే రాసిన అంకె. 29.2.

"మా ఆయన రాతే," అంది ఆవిడ. రెండంటే సున్నా చుట్టి తోక లాగినట్టు రాస్తారాయన అని వేలితో చూపించింది.

భూతద్దం లేచి ఎదురుగా చూశాడు. ఇళ్ల మొదటి వరస ఎక్కడ మొదలవుతుందో చూపించడానికి పాతిన గూటాలు బారుగా కనిపిస్తున్నాయి. ప్రతి గూటానికీ ఓ ఎర్రగుడ్డ పేలిక. నడుచుకుంటూ వెళ్లి లెక్కపెట్టాడు. తొమ్మిది గూటాలు, ఎనిమిది పేలికలు. సరిగ్గా ఆ గీతకి ఎదురుగా ఉన్న గూటానికి ముడి మిగిలింది, గుడ్డ లేదు.

"నీ సంచిలో టేపుకి కట్టిన గుడ్డ ఎక్కడిదో తెలిసిందా?" అని అరిచాడు అక్కణ్నుంచే.

ఇన్‌స్పెక్టర్ సంచి ఎత్తి చూశాడు. చించిన అంచు కంటికి కనపడుతూనే ఉంది. ఈసారి నవ్వలేదు.

"జీపులో టేపుంటుంది కదా, తీసుకురా. ఈ కొస పట్టుకో."

"నేనా? ఇన్‌స్పెక్టర్ని!"

"ఒక మనిషే రెండు కొసలూ పట్టుకోలేడు కదరా! అదే నేను చెప్పేది. మంగళవారం ఇక్కడ సర్వేయర్ అంకె రాశాడంటే, ఆ గూటం దగ్గర రెండో కొస ఎవరో పట్టుకున్నారు. చైన్‌మన్ అయితే తన టేపు తెచ్చేవాడు. కాబట్టి ఆ ఎవరో కొత్త టేపున్నవాళ్లు. సర్వేయర్ పడ్డాక, అందరికీ చైన్‌మన్ గుర్తు తెలుసు కాబట్టి ఈ గుడ్డ పీకి ఆ టేపుకి కట్టి తొట్టిలో పడేశారు."

ఇద్దరూ కొలిచారు. ఇరవై తొమ్మిది పాయింట్ రెండు. మళ్లీ కొలిచారు. అదే.

భూతద్దానికి ఒక్కసారిగా విషయం బోధపడింది. "బామ్మర్దీ, లాకప్‌కి ఫోన్ కలుపు. చైన్‌మన్‌కి ఇవ్వమను." ఆ తర్వాత సర్వేయర్ భార్య వైపు తిరిగి, మాటలు కూడదీసుకున్నాడు. "అమ్మా, మీకు కష్టంగా ఉంటుంది. ప్లానులో ముప్పై పాయింట్ రెండని రాసింది మీ ఆయనే. ఎవరూ దిద్దలేదు, ఎవరూ దొంగ సంతకం పెట్టలేదు. ఆ టేపు మీద చూసిన అంకె చూసినట్టే ఎక్కించేశాడు. ఒకటి తీసెయ్యడం మర్చిపోయాడు."

"ఇరవై రెండేళ్లలో ఒక్క తప్పు లేదని చెప్పుకునేవారు," అంది ఆవిడ. ఫోను అందుకుంది. "అన్నయ్యా, నేను. మీ సార్ మీటరు తీయడం మర్చిపోయారట కదా. నాకు తెలిసిపోయింది. ఇంకా ఎవరి పరువు కాపాడుతున్నావు నువ్వు? చెప్పెయ్యి."

అటువైపు ఓ పెద్దమనిషి పసిపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడవడం ముగ్గురికీ వినిపించింది.

"మంగళవారం మధ్యాహ్నం చూసుకున్నారమ్మా. నెత్తి కొట్టుకున్నారు. నేనే వద్దన్నా. రేపు ఇద్దరం వెళ్లి మళ్లీ కొలిచి, గుట్టుగా మార్చేద్దాం, మీ పేరు పోతుంది సార్ అన్నా. వింటేగా! రేపటికి ఆగను, ఇవాళే చెప్పేస్తా, ఆ ఇళ్లలో పిల్లలుంటారు అన్నారు. నా మీద అరిచారు. నేనూ అరిచా. అలిగి బస్టాపులో కూర్చున్నా. వెంట వెళ్లుంటే బతికుండేవారు. నాకు శిక్ష పడాల్సిందేనమ్మా."

"ఎవరికి చెబుతానన్నారు?" భూతద్దం ఫోను లాక్కుని అడిగాడు.

"పైవాళ్లకి అన్నారండీ. పేరు చెప్పలేదు."

కౌన్సిల్ ఆఫీసులో ఇన్‌స్ట్రుమెంట్ రూం తలుపు వెనక మేకుకి టేపు వేలాడుతూనే ఉంది. ఎర్రగుడ్డ మాసి గోధుమరంగుకి తిరిగింది. ఇన్‌స్పెక్టర్ కొస లాగాడు. మొట్టమొదటి అంకె ఒకటి. ఆయన ముఖం జేవురించింది. భూతద్దం అనాల్సిన మాట ఇంటికెళ్లాక భార్య ముందర అందామని దాచుకున్నాడు.

పక్కనే స్టోరు. స్టోర్ కీపరమ్మ కళ్లజోడు మీదుగా ఇద్దర్నీ ఎగాదిగా చూసింది. "కొత్త టేపులా? చైన్‌మన్‌కి ఇవ్వడానికి ఫారాలు లేవు గానీ, పోయిన వారం కమిటీ వాళ్లు సైటు చూడ్డానికి వెళ్తున్నారని ఏడు టేపులు, ఏడు టోపీలు ఇచ్చాను. ఒక్కరోజు సరదాకి! టోపీలు ఏడూ వచ్చాయి. టేపులు ఆరే వచ్చాయి."

"రానిది ఎవరిది?"

"నాకేం తెలుసు? ఏడింటికీ సంతకం ప్లానింగ్ ఆఫీసర్‌దే. రిజిస్టర్లో చూసుకోండి."

రెండూ ఇరవై. ప్లానింగ్ ఆఫీసర్ గదికి తాళం. మీటింగు హాల్లోకి వెళ్లిపోయాడట.

"ఆయనే బావా! పదా, లోపలేద్దాం," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"మళ్లీ మొదలెట్టావా? సంతకం పెట్టినవాడు టేపు తీసుకున్నవాడే అవ్వాలని ఎక్కడుంది? ఏడుగురిలో ఎవరైనా కావచ్చు. నాకు అనుమానం ఆయన మీదే, కాదనను. కానీ రుజువేదీ? లోపల నేను మాట్లాడతాను. తేడా ఎంతో మాత్రం నువ్వూ నేనూ నోరు జారకూడదు. తెలిసినవాడు ఎక్కడో అక్కడ దొరుకుతాడు."

మూడింటికి హాలు కిటకిటలాడుతోంది. ప్రేక్షకుల వరసల్లో ఫ్యాక్టరీ కార్మికులు, భార్యలు, ముసలివాళ్లు ఒకరి మీద ఒకరు పడి కూర్చున్నారు. ఇవాళ ఇల్లొస్తుందని వచ్చినవాళ్లు. సర్వేయర్ భార్య వెనక గోడ పక్కన నిలబడింది. వేదిక మీద పెద్దమ్మ చనిపోయిన సర్వేయర్‌కి ఒక నిమిషం మౌనం పాటించమని చెప్పి, కళ్లు తుడుచుకుంది. కింద చిన్న బల్ల దగ్గర ముసలి గుమాస్తా సభలో అన్న ప్రతి మాటా మినిట్స్ పుస్తకంలోకి ఎక్కిస్తున్నాడు.

ప్లానింగ్ ఆఫీసర్ మ్యాపు చూపించాడు. గడగడా చదివాడు. "అభ్యంతరాలు ఉన్నవారు?" అన్నాడు అలవాటుగా.

"నాకున్నాయి," అన్నాడు భూతద్దం.

హాల్లో గుసగుసలు లేచాయి. భూతద్దం ముందుకి నడిచాడు. కళ్లన్నీ ఆఫీసర్ ముఖం మీదే పెట్టుకున్నాడు. "మడ్డి తొట్టినుంచి ఇళ్లకి ప్లానులో చూపించిన దూరం తప్పు. చనిపోయిన రోజే సర్వేయర్ ఆ తప్పు పట్టుకున్నాడు. మళ్లీ కొలిచేదాకా ఓటింగు ఆపండి."

"తప్పా? ఎంత తప్పు?" ఆఫీసర్ కంగారుగా కాగితాలు తిరగేశాడు. "పది మీటర్లా, ఇరవయ్యా? నా దగ్గర సర్వేయర్ సంతకం ఉందండీ!"

నిజంగానే తెలియని మనిషి కంగారు అది. గురి తప్పింది. టైము మూడూ ఇరవై ఐదు. ఫ్యాక్టరీ దగ్గర బుల్డోజర్ల ఇంజన్లు స్టార్టయ్యాయని ఇన్‌స్పెక్టర్‌కి ఫోనొచ్చింది.

"వాయిదా వెయ్యడానికి వీల్లేదు!" వరసల్లోంచి ఒకాయన లేచి అరిచాడు. "మూడేళ్లుగా వాయిదాలే!" పదిమంది లేచారు. తర్వాత యాభైమంది. ఇన్‌స్పెక్టర్ బావ పక్కకి వచ్చి నిలబడ్డాడు.

పెద్దమ్మ చెయ్యెత్తింది. హాలు సద్దుమణిగింది. ఆవిడ గొంతు నిండా ఆవేదన ఉంది, అది నటన కాదు.

"చూశారుగా వీళ్లని? అద్దె కట్టలేక తలో చుట్టం ఇంట్లో తలదాచుకుంటున్నారు. ఒక్క మీటరు కోసం నాలుగు వందల కుటుంబాల నోట్లో మట్టి కొట్టమంటారా? నేను కొట్టను. సభ్యులు చేతులెత్తండి."

చేతులు లేవబోయాయి.

"ఆగండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

భూతద్దం ఇంకా ఆఫీసర్‌నే చూస్తున్నాడు. ముందు అందుకున్నది బామ్మర్దే. వేదిక మెట్ల దాకా నడిచి, టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. "అమ్మా, ఒక్క మీటరని మీకెవరు చెప్పారు?"

"ఎవరంటే... ఇప్పుడే ఈయన..."

"ఈయన అంకె చెప్పలేదు. ఆఫీసర్ గారు పది, ఇరవై అన్నారు. ఒక్క మీటరని తెలిసినవాళ్లు నలుగురే. నేను, మా బావ, సర్వేయర్ గారి భార్య, లాకప్‌లో ఉన్న చైన్‌మన్. మేం ఎవరికీ చెప్పలేదు."

పెద్దమ్మ గుమాస్తా వైపు తిరిగింది. "ఆ మాట రాయకు."

"రాసేశానండీ," అన్నాడు ముసలాయన.

"మీ టేపు స్టోరుకి తిరిగి రాలేదమ్మా," అన్నాడు భూతద్దం నెమ్మదిగా. అది ఆవిడదేనని అప్పటికి ఆయనకీ తెలియదు. ఊహించి వేసిన రాయి. తగిలింది.

ఆవిడ కుర్చీలో కూర్చుండిపోయింది. తన వాళ్లనే చూసింది, ఆ వరసల్లోని ముఖాలని. "నిజమో కాదో కొలిచి చూపించమని నేనే వెళ్లాను," అంది. "వెనక గేటునుంచి. ఆ కొస నేనే పట్టుకున్నాను. బతిమాలాను. ఒక్క మీటరయ్యా, ఎవరు చూడొచ్చారు, ప్లాను వెనక్కి పోతే మళ్లీ మూడేళ్లు పడుతుందన్నాను. రూలు రూలే అన్నాడు. అంకె రాయడానికి అంచున వంగాడు. సుద్దముక్క లాక్కోబోయాను. తోశాను. తొయ్యాలని కాదు... తోశాను."

ఇన్‌స్పెక్టర్ ఫోను చెవికి పెట్టుకుని, "చైన్‌మన్‌ని బయటికి పంపండి. ఆఁ, ఇప్పుడే. జీపులో ఇంటి దగ్గర దింపండి," అన్నాడు.

అప్పుడు వెనక గోడ దగ్గరనుంచి సర్వేయర్ భార్య నడిచి వచ్చింది. జనం తమంతట తామే దారిచ్చారు. పొద్దున తన చెయ్యి పట్టుకుని గంటసేపు కూర్చున్న మనిషికి ఎదురుగా నిలబడింది.

"పడ్డాక ఆయన ఏమన్నా మాట్లాడారా?"

పెద్దమ్మ ముఖం పక్కకి తిప్పుకుంది.

"చెప్పండి. నేను తెలుసుకోవాలి."

"నీళ్లడిగాడు," అంది పెద్దమ్మ.

గుమాస్తా కలం పుస్తకం మీద పెట్టాడు, కానీ ఆ మాట రాయలేకపోయాడు.